బొడ్డుతాడు రక్తం దాచమంటున్నారు, దాచాలా?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నాకిప్పుడు ఏడో నెల. పోయిన వారమే సీమంతం చేసి పుట్టింటికి పంపారు. మాది మేనరికం, మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆసుపత్రి వరండాలో ఒకతను మమ్మల్ని పలకరించి, కాన్పు అవ్వగానే బొడ్డుతాడులో రక్తం తీసి దాచే కంపెనీ నుంచి వచ్చానన్నాడు. అందులోని స్టెమ్ సెల్స్ గుండె, మెదడు, కిడ్నీ, ఏ అవయవంగానైనా మారతాయట. రేపు బిడ్డకి ఏ జబ్బొచ్చినా అవే మందట. మాది మేనరికమని తెలిశాక ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, మీలాంటివాళ్ళకి ఇది తప్పనిసరి అన్నాడు. 65 వేలు, వాయిదాల్లో కట్టొచ్చట. మన పెద్దవాళ్ళు బొడ్డు ముక్కని తాయెత్తులో పెట్టి కట్టింది కూడా ఇందుకేనని చెప్పేసరికి అత్తయ్య పూర్తిగా ఒప్పేసుకుంది. మా ఆయనది చిన్న ఉద్యోగం, చిట్టీ పాడదామంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వద్దంటే బిడ్డ మీద ప్రేమ లేదనుకుంటారేమో. నేను బీకామ్ చదివాను, ఇవన్నీ తెలియవు. ఒక్క కణం నుంచే బిడ్డంతా తయారవుతుందంటారు కదా, మరి ఏది కన్ను అవ్వాలో ఏది కాలేయం అవ్వాలో దానికెలా తెలుస్తుంది? ఆ రక్తంలోని కణాలు నిజంగా ఏదైనా అవుతాయా? డబ్బు కట్టమంటారా?
— పేరు వద్దు, తెనాలి

సమాధానం: కట్టొద్దమ్మా.

ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే మీ అత్తయ్యగారి ముందు అది నిలబడదు. ఎవరో లెక్చరరు వద్దందట అంటే, ఆ అబ్బాయి మెడలో కార్డు వేసుకుని మరీ చెప్పాడు కదా అంటారు. అందుకని ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. దానికి జవాబు మీరు మధ్యలో అడిగిన ప్రశ్నలోనే ఉంది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను. కన్నవ్వాలో కాలేయమవ్వాలో కణానికెలా తెలుస్తుందని అడిగినవాళ్ళు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే తగిలారు. మిగతావాళ్ళు కణ విభజన దశల పేర్లు బట్టీపట్టి, బొమ్మ గీసి, మార్కులు పట్టుకుపోయారు. మీరు బీకామ్ చదివి అడిగారు.

మొదటి రోజు నుంచి చూద్దాం. అండం, వీర్యకణం కలిసి ఒక్క కణం అవుతాయి. అది మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. తెల్ల కాగితం మీద పెడితే కంటికి ఆనీ ఆననంత చుక్క. ఒక రోజు గడిచాక, కొంచెం అటూ ఇటూగా, అది రెండవుతుంది. తర్వాత నాలుగు. మూడో రోజుకి ఎనిమిది. ఇక్కడ ఒక తమాషా ఉంది. కణాలు పెరుగుతున్నాయి గానీ మొత్తం చుక్క పెరగదు. అదే ముద్దని కోసుకుంటూ పోయినట్టు ప్రతిసారీ కణాలు చిన్నవవుతాయి. బయటి నుంచి తిండి రాదు కదా మరి. ఆ రెండు మూడు రోజులూ తల్లి అండం కట్టి పంపిన సారెతోనే సంసారం నడుస్తుంది. బిడ్డ సొంత జన్యువులు పని మొదలుపెట్టేది ఆ తర్వాతే.

ఇంతవరకూ ఏ కణానికా కణం ఏదైనా కాగలదు. ఈ తొలి రోజుల్లో ముద్ద రెండుగా విడిపోతే రెండు పూర్తి బిడ్డలవుతాయి, ఒకే పోలిక కవలలు ఇలాగే పుడతారు. ఏ అవయవంగానైనా మారగల కణాలంటూ ఏజెంటు చెప్పాడే, అవి ఉండేది ఇక్కడ, ఈ కొద్ది రోజుల్లో. మీరు నెల తప్పిందని తెలుసుకునేసరికే ఆ ఘట్టం దాటిపోయింది.

అయిదో రోజుకి మొదటి వేర్పాటు జరుగుతుంది. ముద్ద బంతిలా మారి లోపల నీరు చేరుతుంది. అంచున ఉన్న కణాలు మాయ తయారుచేసే పని మీద పడతాయి. లోపల ఒక మూలకి గుంపుగా చేరినవి బిడ్డవుతాయి. ఎవరు ఏమవ్వాలో ఎలా తేలిందంటే, ఎక్కడ ఉన్నావన్నదాన్ని బట్టి. బయటి గాలి తగిలే కణం ఒకలా, చుట్టూ తోటి కణాలున్న కణం ఒకలా స్పందిస్తాయి. గాలి అని అలవాటుగా రాసేశాను, అక్కడ ఉండేది ద్రవమే లెండి. పక్కవాళ్ళు ఎవరు, వాళ్ళు ఏ రసాయనం వదులుతున్నారు, అది ఎంత మోతాదులో నా దాకా వస్తోంది: కణానికి తెలిసే సమాచారమంతా ఇదే. పైనుంచి ఆజ్ఞలిచ్చేవాళ్ళెవరూ లేరు.

మూడో వారంలో లోపలి గుంపు మూడు పొరలవుతుంది. పై పొర నుంచి చర్మం, మెదడు, నరాలు వస్తాయి. మధ్య పొర నుంచి కండ, ఎముక, గుండె, మూత్రపిండాలు, రక్తం. లోపలి పొర నుంచి పేగుల లోపలి గోడ, కాలేయం, ఊపిరితిత్తులు. రక్తం మధ్య పొర సంతానమన్నది గుర్తుపెట్టుకోండి, డబ్బు లెక్కలో మనకి అదే పనికొస్తుంది. 22వ రోజు ప్రాంతంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. 28వ రోజుకి మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం రెండు కొసలా మూసుకుపోతుంది. ఇవి కడుపు పడిన రోజు నుంచి లెక్క, డాక్టర్ల లెక్కకి రెండు వారాలు కలుపుకోవాలి.

ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడం కోసమే మీకు తొలి నెలల్లో ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చారు. కణం రెండవ్వాలంటే ముందు తనలోని డీఎన్ఏ అంతటికీ నకలు రాసుకోవాలి. ఆ రాతకి కావలసిన అక్షరాల్లో ఒకదాన్ని తయారుచెయ్యడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది చాలకపోతే వేగంగా విభజన చెందే చోటల్లా పని కుంటుపడుతుంది. గర్భం కోసం చూస్తున్నప్పటి నుంచే, పన్నెండు వారాలు నిండేదాకా రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. ఆ మందు కథలో మనవాడొకాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940ల్లో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత వాళ్ళే దాన్ని అడ్డుకునే మందులు చేశారు. కణ విభజనకి ఫోలిక్ యాసిడ్ కావాలంటే, దాన్ని ఆపితే కేన్సర్ కణం విభజన ఆగాలి కదా. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ మందుని బ్లడ్ కేన్సర్ ఉన్న పిల్లలకి ఇస్తే కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో వచ్చాయి. సుబ్బారావుగారు పోయింది కూడా అదే సంవత్సరం. ఆ కుటుంబంలోని మందు మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ వాడుతున్నారు.

విభజన ఎలా జరుగుతుందో కూడా కొంచెం చెప్పనివ్వండి, నాకిష్టమైన భాగం ఇది. బోటనీ వాళ్ళ ల్యాబు నుంచి ఉల్లి వేళ్ళ కొసలు అరువు తెచ్చి, ఎసిటోకార్మిన్ రంగు వేసి, అద్దం మీద బొటనవేలితో నొక్కి, మైక్రోస్కోపు కింద పెట్టేదాన్ని. డీఎన్ఏ చుట్టలైన క్రోమోజోములు ఎర్రటి దారపు ముక్కల్లా కనబడేవి. ఉల్లికి 16, మనకి 46. మన ఒక్కో కణంలో ఉన్న డీఎన్ఏని సాగదీస్తే దాదాపు రెండు మీటర్లు. అది మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని కేంద్రకంలో ఇమిడి ఉంటుంది. ఒక రోజు తీసుకుని రెండయ్యే కణంలో ఆరు నుంచి ఎనిమిది గంటలు నకలు రాయడానికే పోతాయి. రాసింది దిద్దుకుంటూ వెళుతుంది, వంద కోట్ల అక్షరాలకి తప్పు ఒకటి మిగిలితే ఎక్కువ. నకలు పూర్తయ్యాక క్రోమోజోములు చుట్టలు చుట్టుకుని, కణం నడుమ బారుగా నిలబడతాయి. రెండు కొసల నుంచీ సన్నటి పోగులొచ్చి ఒక్కో జంటని చెరో పక్క పట్టుకుంటాయి. ఒక్క క్రోమోజోముకి పోగు తగులుకోకపోయినా కణం ఆగుతుంది. అన్నీ తగులుకున్నాయని తేలాకే లాగుతుంది. ఈ ఆఖరి తంతు అంతా గంట పని.

ఆ పోగులు తయారవకుండా చేసే మందొకటి మీ పుట్టింటి పెరట్లోనే ఉండొచ్చు. బిళ్ళగన్నేరు. దాన్నుంచి తీసే విన్‌క్రిస్టిన్‌ని 1960ల నుంచి పిల్లల బ్లడ్ కేన్సర్‌కి ఇస్తున్నారు. అలాగని ఆకులు నమలొద్దు, విషం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ప్రతిసారీ డీఎన్ఏ మొత్తం నకలవుతోందంటే, కంటిలోని కణంలోనూ కాలేయంలోని కణంలోనూ ఉన్నది ఒకే రాత అన్నమాట. మరి తేడా ఎక్కడిది?

మీ వీధిలో ఇంటింటికీ ఒకే పంచాంగం ఉందనుకోండి. పెళ్ళీడు పిల్లలున్న ఇంట్లో ముహూర్తాల పేజీ నలిగి ఉంటుంది. రైతు ఇంట్లో కార్తెల పేజీ. ఏలినాటి శని పట్టిందనుకునే ఇంట్లో రాశిఫలాలు. పుస్తకం ఒకటే, తెరిచే పేజీ వేరు. కణాల్లోనూ అంతే. మనిషిలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. ఇన్సులిన్ తయారుచేసే జన్యువు మీ కంటి కణంలోనూ ఉంది, అక్కడ ఆ పేజీ ఎవరూ తెరవరు. క్లోమంలోని బీటా కణాలు దాన్ని తెరిచి చదువుతూనే ఉంటాయి.

అయితే కణం పంచాంగాన్ని మూసి పక్కన పెట్టి ఊరుకోదు. తనకి అక్కర్లేని పేజీలని దారంతో కుట్టేస్తుంది. డీఎన్ఏ మీద అక్కడక్కడ చిన్న రసాయన గుర్తులు పెట్టి, కొన్ని భాగాలని బిగించి చుట్టేస్తుంది. ఇంకో గమ్మత్తేంటంటే, ఆ కణం రెండైనప్పుడు నకలు పుస్తకంలోనూ అవే పేజీలు కుట్టుకుంటుంది. అందుకే కాలేయ కణానికి కాలేయ కణమే పుడుతుంది. చర్మం గీరుకుపోతే అక్కడ మళ్ళీ చర్మమే వస్తుంది, పన్ను రాదు. ఏ పేజీలు తెరవాలో కొన్ని ప్రొటీన్లు చెబుతాయి. అలాంటివాటిలో ఒక్కటే ఎంత పని చేస్తుందో 1987లో తేలింది. మయోడీ అనే ఒకే ఒక్క జన్యువుని ఎలుక చర్మంలాంటి కణాల్లో పనిచేయిస్తే అవి కండ కణాల్లా మారిపోయాయి.

బిడ్డ రూపం దిద్దుకోవడానికి విభజన, వేర్పాటు రెండే చాలవు. చావు కూడా కావాలి. రెండో నెలలో చెయ్యి బాతుకాలులా ఉంటుంది. వేళ్ళ మధ్యనున్న పొరలోని కణాలు వాటంతటవే చనిపోతే వేళ్ళు విడివడతాయి. ఏడో నెల సీమంతంలో గాజులు తొడిగించుకున్నప్పుడు లోపల మీ బిడ్డకి ఆ వేళ్ళు ఏర్పడి నాలుగు నెలలు దాటింది.

ఇక బొడ్డుతాడు రక్తం. అది తల్లి రక్తం అనుకుంటారు చాలామంది. కాదు, బిడ్డదే. పొట్టలో ఉన్నప్పుడు బిడ్డకి రక్తం చాలా నెలలు ముఖ్యంగా కాలేయంలో తయారవుతుంది. నెలలు నిండేకొద్దీ ఆ పని ఎముకల్లోని మూలుగకి మారుతుంది. ఆ కాపురం మార్చే హడావుడిలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, చాలా బయట తిరుగుతూ ఉంటాయి. అందుకే పుట్టిన క్షణంలో బొడ్డుతాడు రక్తంలో అవి దండిగా దొరుకుతాయి. ఏజెంటు చెప్పినదాంట్లో ఈ భాగం నిజం. ఈ మూలకణాలు గొప్పవి, అందులో అనుమానం లేదు. పెద్దవాళ్ళ ఒంట్లో సెకనుకి 20 లక్షలకి పైగా ఎర్ర కణాలు పుడుతున్నాయంటే ఇలాంటివాటి చలవే. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఇవే ఇస్తాయి.

కానీ అవి మధ్య పొర దాటి, రక్తం దారిలోకి దిగి, మిగతా పేజీలు కుట్టేసుకున్న కణాలు. వాటి సంతానం రక్తమే. మెదడు, కిడ్నీ, గుండె కండరం వాటి దారిలో లేవు. రెండిటికీ మూలకణం అనే పేరు ఉండటంతో తొలి వారపు కణం ఘనతని తొమ్మిదో నెల కణానికి అంటగట్టి అమ్ముతున్నారు. ఆ అబ్బాయి మాటలో తప్పు సరిగ్గా ఇక్కడుంది.

కుట్టిన పేజీలు మళ్ళీ విప్పలేమా అని మీకు అనుమానం రావచ్చు. విప్పొచ్చు. ఇంగ్లండులో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని కప్ప అండంలో పెట్టి మామూలు తోకకప్పనే తెప్పించారు, ఆ ఫలితం 1962లో ప్రకటించారు. జపాన్‌లో షిన్యా యమనాక 2006లో ఎలుక చర్మంలోని కణాలనీ, ఆ మరుసటి ఏడాది మనిషి కణాలనీ నాలుగే నాలుగు జన్యువులతో తొలి వారపు స్థితికి తీసుకెళ్ళారు. ఇద్దరికీ కలిపి 2012లో నోబెల్ ఇచ్చారు. ఏజెంటుకి ఈ సంగతి తెలిస్తే వెంటనే వాడుకుంటాడు, చూశారా సైన్సు ఎంత ముందుకెళ్ళిందో అని. మీరు అప్పుడు ఒకటే అడగండి. రేపెప్పుడో ఆ పద్ధతిలో అవయవాలే తయారుచేసే రోజొస్తే, దానికి పెద్దయ్యాక పిల్లాడి చెయ్యి మీద చర్మం ముక్కో, చెంచాడు రక్తమో చాలు కదా, ఇప్పటి నుంచి ఏళ్ళ తరబడి అద్దె కట్టి బొడ్డుతాడు రక్తం దాచడం దేనికి?

ఈ రక్తం దేనికీ పనికిరాదని నేననడం లేదు. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ అనే వైద్యురాలు మొదటిసారి దీన్ని ఎక్కించారు. ఫాంకోనీ ఎనీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లాడికి, అప్పుడే పుట్టిన చెల్లి బొడ్డుతాడు రక్తం. పిల్లాడు బతికాడు. అప్పటి నుంచి బ్లడ్ కేన్సర్లకి, తలసీమియాలాంటి రక్త జబ్బులకి మూలుగ మార్పిడి బదులు దీన్ని వాడుతున్నారు. ఆ పిల్లాడికి ఎక్కించింది ఎవరి రక్తమో చూశారా? తనది కాదు, చెల్లిది. కిటుకంతా అందులోనే ఉంది.

మీ అత్తయ్యగారికి చెప్పాల్సింది ఇదే, నెమ్మదిగా చెప్పండి. మేనరికంలో భయపడేది దేనికి? మీ నాన్నగారూ మీ అత్తయ్యగారూ ఒక తల్లి పిల్లలు. వాళ్ళ అమ్మానాన్నల్లో ఒకరి దగ్గర ఒక జన్యువు తప్పుగా ఉంటే, అది అటు నుంచి మీకూ ఇటు నుంచి మీ ఆయనకీ వచ్చి ఉండొచ్చు. ఒక్క కాపీ తప్పయితే ఏ ఇబ్బందీ ఉండదు. రెండు తప్పు కాపీలూ బిడ్డకి చేరితేనే జబ్బు, మీ ఇద్దరి దగ్గరా ఆ తప్పు కాపీ ఉంటేనే దానికి అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడు ఆలోచించండి. అలా చేరితే ఆ తప్పు ఎక్కడుంటుంది? మొదటి కణంలోనే ఉంటుంది. అక్కడి నుంచి నకలు మీద నకలుగా ఒంట్లో ప్రతి కణానికీ వెళుతుంది, బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలతో సహా. తలసీమియా ఉన్న బిడ్డకి తన బొడ్డుతాడు రక్తమే ఎక్కిస్తే మళ్ళీ తలసీమియా రక్తమే తయారవుతుంది. మేనరికం వాళ్ళకి తప్పనిసరి అన్నాడే, ఆ భయానికి సంబంధించినంతవరకూ బిడ్డ సొంత రక్తం దాచి లాభం లేనిది మీలాంటి వాళ్ళకే. తెలిసి చెప్పాడో తెలియక చెప్పాడో గానీ, కడుపుతో ఉన్న మనిషి భయం చూసి అమ్మకం పెంచుకోవడం నాకు మంట పుట్టించింది.

బ్లడ్ కేన్సర్ వస్తేనో అంటారు. పిల్లల్లో వచ్చే కొన్ని రకాలకి తొలి మార్పు పుట్టకముందే మొదలైనట్టు, బొడ్డుతాడు రక్తంలోనే ఆ కణాలు కనబడినట్టు ఎప్పుడో తేలింది. దానికి తోడు ఇతరుల మూలకణాలు ఎక్కిస్తే వాటి నుంచి పుట్టే తెల్లకణాలు మిగిలిన కేన్సర్ కణాల మీద పడతాయి, సొంతవైతే పడవు. అందుకని డాక్టర్లు సాధారణంగా వేరేవాళ్ళవే కోరుకుంటారు. తర్వాత పుట్టే బిడ్డకి పనికొస్తుందేమో అంటారా? అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ మధ్య పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఒకవేళ సరిపోతే పెద్దబిడ్డ మన ఇంట్లోనే తిరుగుతుంటాడు కదా, మూలుగ ఇవ్వొచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2017 మార్గదర్శకాల్లో ఇదే రాసింది. ముందుముందు తనకే వాడుకోవడానికని బొడ్డుతాడు రక్తం దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని. ఒక్క మినహాయింపు ఉంది. ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకి మూలుగ మార్పిడితో నయమయ్యే జబ్బుండి, తల్లి మళ్ళీ కడుపుతో ఉంటే అప్పుడు దాచుకోవడం మంచిది. మీకిది తొలిచూలు లాగే ఉంది, అలా కాకపోయినా, మీ పెద్దబిడ్డకి అలాంటి జబ్బు ఉంటే ఉత్తరంలో రాసేవారే. రక్తం ఒక్కటే కాదు, బొడ్డుతాడు ముక్క కూడా దాస్తాం, దాంతో ఆటిజం, పక్షవాతం నయమవుతాయని ఇంకో ప్యాకేజీ చెబుతారు. రక్త జబ్బులకి అనుమతించిన మార్పిళ్ళు తప్ప మిగతావన్నీ పరిశోధన దశలోనివేనని, పరిశోధన పేరుతో పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

ఇంకొకటి ఏజెంటు చెప్పడు. కాన్పు అయ్యే సమయానికి బిడ్డ రక్తంలో దాదాపు మూడో వంతు మాయలో, బొడ్డుతాడులో ఉంటుంది. వెంటనే తాడు బిగించకుండా కనీసం ఒక నిమిషం ఆగితే అందులో చాలా భాగం బిడ్డలోకి వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా కూడా అదే, దానివల్ల తర్వాతి నెలల్లో బిడ్డకి ఇనుము లోపం తగ్గుతుంది. సంచీ నిండా రక్తం కావాలంటే మాత్రం త్వరగా బిగించాలనిపిస్తుంది. బిడ్డ రక్తాన్ని బిడ్డకి ఇవ్వడం కన్నా మంచి దాపుడు నాకైతే తోచడం లేదు. బిడ్డా మీరూ కులాసాగా ఉంటే నిమిషం ఆగి తాడు బిగించమని మీ డాక్టరుగారిని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

చిట్టీ పాడటం మానేసి చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. మీ ఇద్దరికీ తలసీమియా క్యారియర్ పరీక్ష, అంటే ఆ జబ్బు తప్పు కాపీ ఒకటి మీలో ఉందేమో చూసే పరీక్ష, అయిందో లేదో ఫైల్లో చూడండి. తొలి నెలల్లో చేయించాల్సింది, అయినా ఇప్పుడు తెలిసినా తర్వాతి కాన్పుకి పనికొస్తుంది. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకి మడమ మీద గుచ్చి నాలుగు చుక్కలు తీసే స్క్రీనింగ్ తప్పకుండా చేయించండి. థైరాయిడ్ లోపం, ఇంకా మేనరికాల్లో ఎక్కువగా చూసే కొన్ని జీవక్రియ జబ్బులు అందులో ముందే దొరుకుతాయి, కొన్నిటికి వెంటనే మందు మొదలుపెడితే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. వినికిడి పరీక్ష కూడా. ఈ రెండిటికీ కలిపి మీకు చెప్పిన 65 వేలల్లో చిన్న ముక్క చాలు. మీ వంశంలో చిన్నతనంలోనే పోయిన పిల్లలు, కారణం తెలియని జబ్బుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగంలాంటి చోట ఒకసారి మాట్లాడండి. లేకపోతే ఊరికే బెంగపడకండి. మామూలు పెళ్ళిళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకి పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటుంది, మేనత్త మేనమామ పిల్లల పెళ్ళిళ్ళలో అది సుమారు రెట్టింపు. అంటే అప్పటికీ నూటికి తొంభై మందికి పైగా ఏ లోటూ లేకుండానే పుడతారు.

తాయెత్తు సంగతి మిగిలింది. ఈ మాట నా ఫోన్‌కి కూడా ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. మూలకణాలు ఏళ్ళ తరబడి బతికి ఉండాలంటే ద్రవ నైట్రోజన్‌లో, సున్నాకి దిగువన 196 డిగ్రీల చలిలో ఉంచాలి. వారం రోజులు బిడ్డ పొట్ట మీద ఎండి రాలిన ముక్కలో కణాలన్నీ ఎప్పుడో పోయి ఉంటాయి. మన పెద్దవాళ్ళు దాన్ని దాచింది దిష్టి తగలకూడదని, ముచ్చటకొద్దీ. అత్తయ్యగారి మాట పూర్తిగా కాదన్నట్టు ఉండకూడదంటే ఆ వెండి తాయెత్తు ఒకటి చేయించి మొలతాడుకి కట్టించండి. అంచులు గుచ్చుకోకుండా చూసుకోండి, మూత ఊడి బిడ్డ నోట్లో పెట్టుకోకుండా కంసాలి చేత గట్టిగా అతికించండి. దానికి ఏటేటా అద్దె కట్టక్కర్లేదు.